చెమటకు కొదవ లేని ఊళ్లో వ్యాయామం

(ఆచార్య వులిమిరి రామలింగస్వామి స్మృతిలో, సూరత్ తెలుగువారి కోసం సిద్ధం చేసిన స్మారకోపన్యాస పాఠం)

1994 సెప్టెంబరు మూడో వారంలో సూరత్ నగరంలోని వేడ్ రోడ్ ప్రాంతంలో మనుషులు ఉన్నట్టుండి జ్వరంతో, దగ్గుతో, నెత్తుటి కళ్లెతో పడిపోసాగారు. ఊపిరితిత్తుల ప్లేగు అన్న మాట బయటికి పొక్కగానే లక్షల మంది ఊరు విడిచారు. రైళ్లు, బస్సులు కిక్కిరిసిపోయాయి. సాంచెలు (మరమగ్గాలు) ఆగాయి, వజ్రాలు సానపట్టే ఘంటీలు ఆగాయి. కొత్త సివిల్ ఆసుపత్రిలో ప్రభుత్వ వైద్య కళాశాల డాక్టర్లు, నర్సులు రోగుల దగ్గర నిలబడి పనిచేశారు. యాభై మందికి పైగా చనిపోయారు. వచ్చింది నిజంగా ప్లేగేనా, ఎందుకు వచ్చింది, మళ్లీ రాకుండా ఏం చేయాలి అని తేల్చడానికి కేంద్ర ప్రభుత్వం ఒక నిపుణుల సంఘాన్ని వేసింది. దానికి అధ్యక్షత వహించినది శ్రీకాకుళంలో 1921 ఆగస్టు 8న పుట్టిన తెలుగు వైద్యుడు, ఆచార్య రామలింగస్వామి. అప్పటికి ఆయనకు 73 ఏళ్లు.

విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి, కూనూరు పోషకాహార ప్రయోగశాలల్లో పనిచేసి, 1969 నుంచి పదేళ్లు ఢిల్లీ ఎయిమ్స్‌కు, ఆ తర్వాత 1986 దాకా భారత వైద్య పరిశోధన మండలికి సారథ్యం వహించిన మనిషి ఆయన. పదవులు చాలామందికి వస్తాయి. రామలింగస్వామి పేరు నిలిచిపోయింది మాత్రం హిమాలయాల ఒడిలో ఉన్న కాంగ్రా లోయ వల్ల.

ఆ లోయలో గొంతు వాపు, అంటే గాయిటర్, ఇంటింటా కనిపించేది. 1956లో రామలింగస్వామి బృందం లోయను మూడు మండలాలుగా విడదీసింది. లక్ష మంది దాకా జనం. రెండు మండలాలకు అయొడిన్ కలిపిన ఉప్పు, మూడో దానికి మామూలు ఉప్పు అందించారు. జబ్బు తగ్గుతోందా లేదా అన్నది బడిపిల్లల మెడలు పరీక్షించి లెక్కవేశారు. కొన్నేళ్లలోనే అయొడిన్ ఉప్పు తిన్న చోట వాపు బాగా తగ్గింది. అప్పుడు మూడో మండలానికి కూడా ఆ ఉప్పే ఇచ్చారు, అక్కడా తగ్గింది. 1962లో దేశమంతటికీ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలవడానికి ఈ పని పునాది. ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. లోయలోని ఆడవాళ్లను కూర్చోబెట్టి అయొడిన్ గురించి ఉపన్యాసాలు దంచలేదు. వాళ్లు రోజూ కూరలో వేసుకునే ఉప్పులోనే మందు పెట్టారు. బతుకు ఎలా సాగుతోందో ముందు చూసి, మందును ఆ బతుకులో ఇమిడ్చారు.

ప్లేగు వచ్చిపోయి మూడు దశాబ్దాలు దాటింది. ఇప్పుడు సూరత్ తెలుగు వాడల్లో మనుషుల్ని కుంగదీసే జబ్బులకు క్రిమి లేదు, వాటిని చూసి ఎవరూ రైలెక్కి పారిపోరు. చక్కెర జబ్బు, రక్తపోటు, గుండెపోటు, మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పి. భారత వైద్య పరిశోధన మండలి చేయించిన ఇండియాబ్ సర్వే 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా మందికి మధుమేహం ఉంది, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో వెలువరించిన అంచనా ఇంకా కలవరపెడుతుంది. ఒంటికి చాలినంత కదలిక లేని భారతీయ వయోజనులు 2000లో 22 శాతం దాకా ఉంటే, 2022 నాటికి దాదాపు సగం మందికి చేరారు. ఆడవాళ్లలో 57 శాతం, మగవాళ్లలో 42 శాతం.

ఈ అంకెలు చూడగానే వైద్య విద్యార్థికైనా, జాతీయ సేవా పథకం విద్యార్థికైనా ముందుగా తట్టే ఆలోచన ఒకటే: ఒక బ్యానరు, ఒక ర్యాలీ, తెల్ల టీషర్టులు, "రోజూ అరగంట నడవండి" అని అచ్చువేసిన కరపత్రం. ఆ కరపత్రం పట్టుకుని తెలుగు కార్మికుల వాడలున్న లింబాయత్‌కు వెళ్తే ఏమవుతుందన్నదే ఇక్కడ చర్చించవలసిన విషయం.

లింబాయత్, ఉధ్నా, పాండేసరా వైపు సాంచెల కార్ఖానాల్లో కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి వచ్చిన చేనేత కుటుంబాలవాళ్లు, ముఖ్యంగా పద్మశాలీలు, తరాలుగా పనిచేస్తున్నారు. సిరిసిల్ల, షోలాపూర్, భివండీ, సూరత్: మగ్గం పోయినవాడు మరమగ్గాన్ని వెతుక్కుంటూ నడిచిన దారి ఇది. ఇక్కడ పాళీ సాధారణంగా పన్నెండు గంటలది. ఒక్కో మనిషి అనేక సాంచెలు చూసుకుంటాడు. ఒక దానిలో పోగు తెగితే అతుకుతాడు, అంతలో పక్కదాంట్లో నాడె ఆగుతుంది, అటు పరుగెత్తుతాడు. చెవులు దిబ్బళ్లు పడే మోత, గాలి ఆడని రేకుల కప్పు, ఎండాకాలమైతే చెమట కారి నేల తడుస్తుంది. కూలి మీటర్ల లెక్కన. అంటే నిలబడి ఊపిరి తీసుకున్న ప్రతి పది నిమిషాలకూ జేబులోంచి డబ్బు పోతుంది. ఆ మనిషికి "మీరు నడవడం లేదు, నడవండి" అని కరపత్రం ఇవ్వడం అవమానించడమే అవుతుంది.

అయితే అతను అంత కదులుతున్నాడు కదా, మరి ఆరోగ్యంగా ఉండాలి కదా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడంలో వైద్యశాస్త్రమే ఒక చుట్టు తిరిగి వచ్చింది.

1953లో జెర్రీ మోరిస్ అనే లండన్ వైద్యుడు ఒక ప్రసిద్ధ పరిశోధన ప్రచురించాడు. లండన్ రెండంతస్తుల బస్సుల్లో డ్రైవరు రోజంతా కూర్చుంటాడు, కండక్టరు టిక్కెట్ల కోసం రోజుకు వందల మెట్లు ఎక్కిదిగుతాడు. ఒకే సంస్థ, ఒకే రకం మనుషులు. గుండెజబ్బు కండక్టర్లలో తక్కువ, వచ్చినా అంత తీవ్రంగా రాలేదు. శరీరశ్రమకూ గుండెకూ ఉన్న సంబంధం మీద ఆధునిక విజ్ఞానం అక్కడే మొదలైంది. మోరిస్ తాను చెప్పింది తాను పాటించి, దాదాపు వందేళ్లు బతికి 2009లో కన్నుమూశాడు. ఆ లెక్కన సాంచెల కార్మికుడు ఉక్కుమనిషి కావాలి. కానీ తర్వాతి పరిశోధనలు అంత సులువుగా తేలలేదు. 2018లో దాదాపు రెండు లక్షల మంది వివరాలున్న 17 పరిశోధనలను ఒకచోట చేర్చి చూస్తే, ఉద్యోగంలో భారీ శారీరక శ్రమ చేసే మగవాళ్లకు ముందుగా చనిపోయే ప్రమాదం, తక్కువ శ్రమ చేసేవారికన్నా 18 శాతం ఎక్కువగా కనిపించింది. పేదరికం, పొగ తాగడం, తిండి వంటివాటి పాత్ర ఎంత అన్న వాదం ఇంకా నడుస్తోంది. అయినా కారణం కొంత ఊహకు అందుతుంది. ఇష్టంతో చేసే వ్యాయామంలో గుండె కాసేపు వేగంగా కొట్టుకుని, తర్వాత నెమ్మదిస్తుంది. పన్నెండు గంటల పాళీలో ఆ నెమ్మదించే ఘడియే రాదు. రక్తపోటు దిగదు, నడుము వంపు తీరదు, నిలబడిన కాళ్లలో నరాలు ఉబ్బుతాయి. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు కూర్చోవాలో నిర్ణయించే హక్కు ఆ ఒంటి యజమాని చేతుల్లో లేదు.

కాబట్టి సాంచె దగ్గర మనిషికి కావలసింది ఇంకో అరగంట శ్రమ కాదు. ఒళ్లు విరుచుకోవడానికి విడతలు, తాగడానికి చల్లటి నీళ్లు, కూర్చోవడానికి ఒక బల్ల, పిక్కలకూ నడుముకూ నాలుగు సరైన సాగదీతలు, వారానికో సెలవు. విద్యార్థి ఆ సంగతి తెలుసుకునే దాకా నోరు తెరవకపోవడం మంచిది.

అదే ఇంట్లో అతని భార్య పరిస్థితి దీనికి తలకిందులు. సూరత్ చీరల వ్యాపారంలో పెద్ద భాగం ఇళ్లలో, ఆడవాళ్ల ఒళ్లో జరుగుతుంది. రాళ్లు అంటించడం, లేసు కుట్టడం, దారాలు కత్తిరించడం, మడతలు పెట్టడం. చిన్న గదిలో గోడకు చేరగిలబడి, మెడ వంచి, గంటల తరబడి కూర్చుని చేసే పని. చీరకు ఇంత అని కూలి. బయట నడుద్దామంటే సందులో బండ్లు, ముసురుకునే చీకటి, చూసేవాళ్ల చూపులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తన సూచనల్ని సవరించినప్పుడు ఈ ఆడవాళ్లకు పనికొచ్చే మార్పు ఒకటి చేసింది. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అన్న లక్ష్యం అలాగే ఉంచి, ఒక్కసారిగా పది నిమిషాలైనా చేస్తేనే లెక్క అన్న పాత షరతు ఎత్తేసింది. రెండు నిమిషాల కదలికా లెక్కలోకే వస్తుంది. గంటకోసారి లేచి మేడమెట్లు ఎక్కిదిగినా ఒంటికి మేలే. ఈ ఒక్క వాక్యాన్ని ఆ గదిలోకి తెలుగులో తీసుకెళ్లగలిగితే విద్యార్థి ఒక మంచి పని చేసినట్టు.

ఇక పిల్లలు. అయిదు నుంచి పదిహేడేళ్ల వాళ్లకు రోజుకు గంట ఆట కావాలంటుంది అదే సంస్థ. లింబాయత్ పిల్లవాడికి ఆ గంట ఎక్కడ దొరుకుతుంది?

ఇలాంటి ప్రశ్నలకు జవాబు వెతుకుతూ విద్యార్థులు జనంలోకి వెళ్లి సేవ చేస్తూ నేర్చుకోవడం ఈ దేశానికి కొత్త కాదు. సూరత్ ప్రాంతానికి అసలే కాదు. 1930 మార్చిలో గాంధీ సబర్మతి నుంచి దండి సముద్రతీరానికి బయలుదేరినప్పుడు, ఆయన కంటే ముందు ఊళ్లలోకి అడుగుపెట్టినవాళ్లు గుజరాత్ విద్యాపీఠ్ విద్యార్థులు. వాళ్ల దళానికి అరుణ్ టుకడీ అని పేరు. ఊళ్లో జనమెంత, బడి ఉందా, రాట్నాలెన్ని, పశువులకు మేత భూమి ఉందా, ఉప్పు ఎంత వాడతారు అని ఇంటింటా అడిగి రాసుకుని గాంధీ చేతికి అందించేవారు. ఆయన ఆ ఊళ్లో మాట్లాడేటప్పుడు ఆ లెక్కలే ఆధారం. సభ పెట్టే ముందు ఊరిని చదవడం అనే పద్ధతి అది. సూరత్ మీదుగా సాగిన ఆ నడక 24 రోజులకు దండి చేరింది. దేశచరిత్రలో అంతటి నడక మరొకటి లేదు, దానికి ముందు దారి పరిచినవి విద్యార్థుల నోటు పుస్తకాలు.

ఒంటి దారుఢ్యాన్ని ఊరుమ్మడి పనిగా చేసినవాళ్లూ ఇక్కడివాళ్లే. 1894లో సూరత్‌లో పుట్టిన అంబూభాయి పురాణీ, ఆయన అన్న ఛోటూభాయి గుజరాత్ పొడవునా వ్యాయామశాలల ఉద్యమం నడిపారు. సరిగ్గా ఆ తరంలోనే విజయనగరంలో కోడి రామ్మూర్తి నాయుడు కుర్రవాళ్లకు కసరత్తు నేర్పుతుండేవాడు. ఆ రోజుల్లో కండ పెంచడం స్వరాజ్యం కోసం. పైగా మగపిల్లల కోసం మాత్రమే. ఆ లోటును ఈ తరం పూడ్చాలి.

1969 రెండు సంస్థలకు పుట్టిన ఏడాది. సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో, 40 వేల మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ దాని నియమం. అదే ఏడాది సుశీలా నయ్యర్ సేవాగ్రామ్‌లో మహాత్మా గాంధీ వైద్య విజ్ఞాన సంస్థను స్థాపించింది. అక్కడ ప్రతి ఎంబీబీఎస్ తరగతీ ఒక ఊరిని దత్తత తీసుకుంటుంది. మొదటి ఏడాదిలోనే విద్యార్థులు ఆ ఊళ్లో శిబిరం ఉండి, తమకు కేటాయించిన కుటుంబాలతో పరిచయం పెంచుకుని, చదువు సాగినన్నాళ్లూ వెళ్లి చూస్తుంటారు. సేవాగ్రామ్ ఒంటరిగా చేస్తూ వచ్చిన పనిని 2022లో జాతీయ వైద్య కమిషన్ దేశమంతటి వైద్య కళాశాలలకూ కుటుంబ దత్తత కార్యక్రమం పేరుతో విస్తరించింది. ఇప్పుడు ఎంబీబీఎస్‌లో చేరిన ప్రతి పిల్లవాడికీ, పిల్లకూ కొన్ని కుటుంబాలు అప్పగిస్తారు. వాళ్ల బరువు, రక్తపోటు, నెత్తురు, తిండి, నీళ్లు, అలవాట్లు ఏడాది తర్వాత ఏడాది గమనించాలి.

సూరత్‌లో ఈ అవకాశానికి కొరత లేదు. 1964 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. నగరపాలక సంస్థ సొంతంగా నడుపుతున్న స్మిమేర్ వైద్య కళాశాల ఉమర్వాడాలో ఉంది, లింబాయత్‌కు కూతవేటు దూరం. వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం కింద ఎన్నో కళాశాలలు, వాటిలో సేవా పథకం దళాలు ఉన్నాయి. కుటుంబ దత్తత ప్రధానంగా పల్లెల్ని ఉద్దేశించినది. పల్లె బతకలేక ఈ పట్నంలోకి వచ్చి ఒకే గదిలో ఆరుగురుగా సర్దుకున్నప్పుడు, దత్తత కూడా ఆ గది దాకా రావాలి. కమిషన్ నియమావళి రాసినవాళ్లు ఈ విషయం మీద మళ్లీ ఆలోచించడం అవసరం.

సేవ ద్వారా చదువు అన్న పద్ధతికి అమెరికాలో రూపురేఖలు దిద్దినవాళ్లలో రాబర్ట్ సిగ్మన్ ఒకడు. 1979లో అతను మూడు సూత్రాలు చెప్పాడు. సేవ ఎలా ఉండాలో సేవ పొందేవాళ్లే నిర్ణయించాలి. ఆ సేవ వల్ల వాళ్లు తమ పని తాము చేసుకునే శక్తి పెరగాలి. సేవ చేసేవాడు కూడా నేర్చుకునేవాడే. మూడింటిలో మొదటిదే అన్నిచోట్లా గాలికి పోతుంది. వ్యాయామం విషయంలో మరీ. ఏ వాడలోనైనా ఏం కావాలో అడక్కుండానే యోగా శిక్షకుడిని పిలుస్తారు.

అడగడానికీ ఒక పద్ధతి ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 16 ప్రశ్నల పట్టిక ఒకటి ప్రచారంలో ఉంది. పనిలో కదలిక, ప్రయాణంలో కదలిక, తీరికలో కదలిక, కూర్చున్న సమయం అని విడివిడిగా అడుగుతుంది. విద్యార్థికి ఇది మంచి తొలి పాఠం. కానీ నిమిషాలన్నీ కలిపి కూడితే సాంచెల కార్మికుడు "చాలా చురుకైనవాడు" అన్న గడిలో పడి, ఇక అతని సంగతి చూడనక్కర్లేదనే భ్రమ కలుగుతుంది. విడివిడిగా చూస్తేనే నిజం బయటపడుతుంది. 2014లో వెలువడిన ఇండియాబ్ అధ్యయనంలో సగానికి పైగా జనం కదలిక లేనివాళ్లని తేలింది. సరదాకో ఆరోగ్యానికో తీరికవేళ ఆటో వ్యాయామమో చేసేవాళ్లు పది శాతం కూడా లేరు. అసలు కరువు తీరిక దగ్గర ఉంది. అందుకని ఆ పట్టికతో పాటు, తాను దత్తత తీసుకున్న కుటుంబంలో ఒక్కొక్కరి ఇరవై నాలుగు గంటలూ ఎలా గడుస్తాయో రాసుకోమని విద్యార్థికి చెప్పాలి. నిద్ర ఎప్పుడు, నీళ్లు పట్టడం ఎప్పుడు, నొప్పి ఏ వేళకు మొదలవుతుంది, రోజులో వాళ్లది అనదగిన పావుగంట ఎక్కడుంది. ఆ పావుగంట దొరికితే కార్యక్రమం దానంతటదే రూపం కడుతుంది. దొరక్కపోతే, దాన్ని సంపాదించడమే కార్యక్రమం.

ఇలా అడిగి, చూపి, పక్కకు తప్పుకుంటే ఏం జరుగుతుందో చెన్నైలో కనిపించింది. 1990ల చివర్లో డాక్టర్ వి. మోహన్ బృందం అక్కడ రెండు కాలనీల్లో మధుమేహ సర్వే చేసింది. ఒకటి మధ్యతరగతి ఏషియాడ్ కాలనీ, రెండోది తక్కువ ఆదాయాలవాళ్ల భారతీ నగర్. ఏషియాడ్ కాలనీవాళ్లు తమ ఫలితాలు విని, నడవడానికి చోటు లేదని గుర్తించి, చందాలు వేసుకుని సొంతంగా పార్కు కట్టుకున్నారు. వ్యాయామం చేసేవాళ్లు 14 శాతం నుంచి దాదాపు 59 శాతానికి పెరిగారు. పదేళ్ల తర్వాత మళ్లీ లెక్కిస్తే ఏషియాడ్ కాలనీలో మధుమేహం 12.4 శాతం నుంచి 15.4 దాకా మాత్రమే వెళ్లింది. భారతీ నగర్‌లో 6.5 నుంచి 15.3కు ఎగబాకింది. ఒకే నగరం, ఒకే దశాబ్దం. ఈ తేడాకు పార్కు ఒక్కటే కారణమని ఎవరూ అనరు. కానీ చోటు, డబ్బు, నలుగురూ కలిసి అడిగే గొంతు ఉన్నవాళ్లు నిలదొక్కుకున్నారు, లేనివాళ్లు పదేళ్లలో జబ్బు విషయంలో వాళ్లను అందుకున్నారు. లింబాయత్‌కు భారతీ నగర్ కథే హెచ్చరిక.

చోటు గురించి ఇంతగా చెప్పాక, ఈ ఊళ్లో చోటూ సమయమూ రెండూ వాటంతటవే దొరికే రోజుల్ని మరవకూడదు. ఆశ్వయుజంలో సూరత్ ఆడవాళ్లు తొమ్మిది రాత్రులు గర్బా ఆడతారు. 2023లో యునెస్కో గుర్తింపు పొందిన ఆ ఆటకు వారాల ముందునుంచే సాధన మొదలవుతుంది. ఆ రోజుల్లోనే, ఇంకా చెప్పాలంటే ఒక రోజు ముందు పెత్తర అమావాస్యనాడే, తెలంగాణ ఆడపడుచుల బతుకమ్మ మొదలై సద్దుల దాకా తొమ్మిది రోజులు సాగుతుంది. రెండూ వలయంగా తిరిగే ఆటలే. చప్పట్లు, అడుగులు, వంగి లేవడం. వ్యాయామమంటే మొహం తిప్పుకునే అమ్మ ఆ తొమ్మిది రోజులూ గంటల తరబడి అలుపెరగదు, ఎందుకంటే పక్కన అక్కలు, వదినలు ఉన్నారు, పాట ఉంది, ఇంటివాళ్ల అనుమతి అడగనక్కర్లేదు. కాంగ్రా లోయ వంటింట్లో ఉప్పు చేసిన పనిని ఇక్కడ బతుకమ్మ చేయగలదు. పండుగ వెళ్లాక వారానికి మూడు సాయంత్రాలు అదే మేడ మీద, అదే పాటలతో, అదే అక్కల మధ్య వలయం కట్టమని చెప్పడానికి పెద్ద ఒప్పించడం అక్కర్లేదు. విద్యార్థినులు చేయవలసింది గుండె ఎంత కొట్టుకుంటోందో చూడటం, మోకాళ్ల నొప్పులున్నవారికి అడుగు తగ్గించి చూపడం, నెలకోసారి రక్తపోటు రాసిపెట్టడం. పాట ఎత్తుకోవడానికి ఆ వాడలో గొంతులున్నాయి.

ఇంకో వనరు గురించి సూరత్ తెలుగువాళ్లే తగినంత గర్వపడటం లేదనిపిస్తుంది. సూరత్ నగర ప్రాథమిక శిక్షణ సమితి ఏడు భాషల్లో బడులు నడుపుతుంది: గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిషు, తెలుగు. ఇన్ని భాషల్లో చదువు చెప్పే నగరపాలక సంస్థలు దేశంలో అరుదు. వైద్య విద్యార్థులు ఎక్కువమంది గుజరాతీ, హిందీ మాట్లాడతారు. నల్లగొండ నుంచి వచ్చిన అవ్వకు అవి సగమే తెలుసు. మధ్యలో వారధి తెలుగు బడిలో ఏడో తరగతి పిల్లే. 1979 అంతర్జాతీయ బాలల సంవత్సరం సందర్భంగా లండన్‌లో డేవిడ్ మోర్లీ వంటి వైద్యులు మొదలుపెట్టిన చైల్డ్ టు చైల్డ్ పద్ధతి ఈ నమ్మకం మీదే నిలిచింది: పిల్లలు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, ఇంటికి ఆరోగ్యం నేర్పగలరు. 2020 ఫిబ్రవరిలో మొదలైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం కూడా ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయుల్ని ఆరోగ్య రాయబారులుగా నియమించి, వారం వారం ఆరోగ్యపాఠం చెప్పమంటోంది. చట్రం సిద్ధంగా ఉంది. వైద్య విద్యార్థి ఆ ఉపాధ్యాయుల పక్కన కూర్చుంటే చాలు. నాన్న పాళీ దిగి వచ్చాక పిక్కలు ఎలా సాగదీయాలో కూతురు చూపిస్తే, డాక్టరు చెప్పినదానికన్నా ఆయన శ్రద్ధగా వింటాడు.

ఆడపిల్లల విషయంలో మాత్రం మెత్తగా మాట్లాడి లాభం లేదు. పెద్దమనిషి కాగానే ఆట మాన్పించడం తెలుగు ఇళ్లలో ఇంకా ఉంది. దేశంలో కదలిక తక్కువైన ఆడవాళ్ల శాతం మగవాళ్లకన్నా అంత ఎక్కువగా ఉండటానికి వేళ్లు ఆ వయసులోనే పడతాయి. ఖో ఖో, కబడ్డీ జట్లు ఆడపిల్లలకు ఉండాలి, వాటిని నడిపే విద్యార్థినులు వాడలోని తల్లులతో ముందుగా మాట్లాడి ఉండాలి. గుజరాత్‌లో 2010 నుంచి ఖేల్ మహాకుంభ్ జరుగుతోంది. తెలుగు బడుల ఆడపిల్లల జట్టు అందులోకి వెళ్లడం లక్ష్యంగా పెట్టుకోదగినదే.

ఇలాంటి పనుల్లో చెడిపోయే చోటు కూడా అందరికీ తెలిసినదే. విద్యార్థులు వస్తారు, బరువు తూస్తారు, రక్తపోటు చూస్తారు, ఫోటో దిగుతారు, మార్కులు పడతాయి, వెళ్లిపోతారు. వచ్చే ఏడు కొత్త తరగతి వచ్చి ఆ అవ్వ చేతికే మళ్లీ పట్టీ చుట్టి, అవే ప్రశ్నలు అడుగుతుంది. తన లెక్కలు ఏమయ్యాయో ఆమెకు ఎవరూ చెప్పరు. ఇది సేవ కాదు, ఆ వాడను ప్రయోగశాలగా వాడుకోవడం. కాంగ్రాలో మామూలు ఉప్పు తిన్న మండలాన్ని కూడా చివరికి వదిలిపెట్టని రామలింగస్వామి పద్ధతి ఇక్కడ గీటురాయి కావాలి. రాసుకున్న ప్రతి అంకె ఆ కుటుంబానికి వాళ్ల భాషలో తిరిగి చేరాలి. సీనియరు వెళ్లిపోతూ తన నోటు పుస్తకాన్ని జూనియరు చేతికి, ఆ ఇంటి గడపలోనే, ఇంటివాళ్ల ఎదుటే ఇచ్చి వెళ్లాలి. రక్తపోటు ఎక్కువగా ఉందని తేలినవాళ్లకు దగ్గరలోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో మందు దొరికేదాకా వెంట ఉండాలి. వ్యాయామం చెప్పి మందు చెప్పకపోవడం తప్పు.

ప్లేగు తర్వాత ఈ నగరం ఎలా మారిందో చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. 1995 మేలో నగరపాలక కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు అధికారుల్ని ఏసీ గదుల్లోంచి బయటికి రప్పించి, ప్రతిరోజూ వీధుల్లో నిలబెట్టాడు. ఏసీ నుంచి డీసీకి అని ఆ పద్ధతికి పేరొచ్చింది, అంటే చల్లటి గదుల నుంచి రోజువారీ చాకిరీలోకి. రెండేళ్లు తిరక్కుండానే చండీగఢ్ తర్వాత దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా సూరత్‌ను ఇంటాక్ సంస్థ పేర్కొంది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో కలిసి ఈ నగరం మొదటి స్థానం అందుకుంది. చెత్త ఎత్తడంలో అది చేయగలిగిన నగరం, పిల్లలకు ఆడుకునే గంట, ఆడవాళ్లకు నడిచే వెలుతురు, కార్మికుడికి కూర్చునే బల్ల ఇవ్వలేదనుకోవడానికి కారణం లేదు.

అందుకు ఎవరెవరు ఏం చేయాలో చెప్పి ముగించడం న్యాయం. స్మిమేర్, ప్రభుత్వ వైద్య కళాశాల ఆచార్యులు తమ విద్యార్థుల దత్తత కుటుంబాల్లో లింబాయత్ తెలుగు వాడల్ని కూడా చేర్చాలి. నగరపాలక సంస్థ బడి వదిలాక చీకటిపడేదాకా ఆటస్థలాల గేట్లు తెరిచి ఉంచాలి, కాపలా ఖర్చు భరించాలి. సాంచెల యజమానులు పాళీలో రెండు పావుగంటల విడుపు ఇచ్చి, ఆ సమయానికి కూలి కోయకుండా ఉండాలి. తెలుగు సంఘాల పెద్దలు పెళ్లిళ్లకూ సభలకూ ఇచ్చే హాళ్లను వారానికి మూడు సాయంత్రాలు ఆడవాళ్లకు ఉచితంగా వదలాలి, తాళంచెవి ఆ ఆడవాళ్ల దగ్గరే ఉంచాలి. ఈ నాలుగింటిలో చివరిది తెలుగువాళ్ల చేతుల్లోనే ఉంది. ఈ బతుకమ్మకే దాన్ని మొదలుపెట్టండి.